పూలు నిండుగా ఉన్నా పెరట్లోకి పిట్టలు, సీతాకోకచిలుకలు ఎందుకు రావు?

నమస్తే అండి. తొందరగా చెప్పాల్సింది ముందు చెప్పేసి మిగతాది నింపాదిగా రాస్తాను. కరివేపాకు మీద, నిమ్మ మొక్క మీద ఉన్న ఆ ఆకుపచ్చ పురుగులకు మందు కొట్టకండి. నర్సరీ అతను ఇచ్చిన ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు సీసా మూత కూడా తీయకండి. ఏ సీతాకోకచిలుకలు రావట్లేదని మీరు బాధపడుతున్నారో అవి ఇవే, వీటికి ఇంకా రెక్కలు రాలేదు, అంతే.

మిగతావాళ్ళకు అర్థం కావడానికి మీ ప్రశ్న క్లుప్తంగా రాస్తున్నాను. హనుమకొండలో కొత్త ఇల్లు, వెనక కొంచెం పెరడు, ముందు లాన్. ముద్దమందారం, అంటు గులాబీలు, కాగితం పూలు ఫిబ్రవరి నుంచి విరగబూస్తున్నాయి. అయినా పావురాలు తప్ప ఏ పిట్టా రావట్లేదు, పైగా కరివేపాకును పురుగులు బోసి చేసేస్తున్నాయి. తేనెపిట్టల కోసం పంచదార నీళ్ళ సీసా వేలాడదీయాలా, పిట్టలొస్తే వాటి వెనకే పాములు కూడా వస్తాయా అని అడిగారు. నేను హైదరాబాద్ శివార్లలో చాలా ఏళ్ళుగా దాదాపు మీకున్నంత పెరడే పెంచుతున్నాను, చిన్నప్పటిదంతా గోదావరి పక్క ఊళ్ళో గడిచింది, కాబట్టి ఈ రెండు చోట్లా చూసిందే చెబుతాను.

ఆ పురుగుల సంగతి పూర్తిగా తెలిస్తే మీకే మందు కొట్టబుద్ధి కాదు. నిమ్మ, నారింజ, బత్తాయి, మారేడు, వెలగ, మన కరివేపాకు అన్నీ ఒకే కుటుంబం, వీటి మీద ముఖ్యంగా రెండు రకాల సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. ఒకటి నలుపు మీద లేత పసుపు మచ్చలుండే లైమ్ బటర్‌ఫ్లై, దీని వెనక రెక్క అంచున ఒక ఎర్రటి మచ్చ ఉంటుంది. రెండోది కామన్ మార్మన్, మగదైతే నల్లటి రెక్కల మీద తెల్ల మచ్చల వరుస ఉంటుంది. లేత చిగురు చూసుకుని ఒక్కో ఆకుకు ఆవగింజంత లేత పసుపు గుడ్డు అంటించి వెళ్ళిపోతాయి. అందులోంచి పుట్టిన చిన్న పురుగు గోధుమ, తెలుపు రంగులు కలిసి అచ్చం పిట్ట రెట్టలాగే ఉంటుంది, అందుకే పిట్టలు దాని జోలికి పోవు. కాస్త పెరిగాక ఆకు రంగులోకి మారుతుంది, మీ ఫోటోలో ఉన్నది ఆ దశే. వేలితో మెల్లగా తాకి చూడండి, తల వెనక నుంచి రెండు చిన్న కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది, అది చీమల్ని, పిట్టల్ని బెదరగొట్టడానికి. మనల్ని కుట్టదు, కరవదు, దురద పెట్టదు. పూర్తిగా ఎదిగాక ఏ కొమ్మకో, పక్క గోడకో, ఒక్కోసారి కుండీ అంచుకో నడుముకు సన్నటి దారం బిగించుకుని ప్యూపాగా, అంటే రెక్కలొచ్చేముందు కదలకుండా ఉండే దశకు మారుతుంది. ఎండాకాలంలో గుడ్డు దగ్గర్నుంచి రెక్కలొచ్చేదాకా మొత్తం నెల లోపే అయిపోతుంది.

మొక్క చచ్చిపోతుందని టెన్షన్ పడకండి. వేరు బాగా పట్టిన కరివేపాకు ఆకంతా పోయినా మళ్ళీ చిగురేస్తుంది. మీది కుండీలో ఉన్న లేత మొక్క అయితే, ఇంకా నాలుగు రెమ్మలే ఉన్నాయంటే, పురుగున్న రెమ్మను తుంచి పెద్ద నిమ్మ మొక్క మీద పెట్టండి, అది అక్కడికి పాక్కుంటూ వెళ్ళిపోతుంది. మా ఇంట్లో వంటకు ఒక కరివేపాకు చెట్టు, వీటికోసం ఒకటి ఉంచాం, గొడవే లేదు. కాకపోతే ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. మునగ మాను మీద గుంపులు గుంపులుగా పట్టే బొచ్చు గొంగళి పురుగులు వేరు, అవి ఒంటికి తగిలితే దద్దుర్లు వస్తాయి, పిల్లలున్న ఇల్లు కాబట్టి వాటిని పొడుగు కర్రతో సబ్బు నీళ్ళలోకి దులిపేయడమే మంచిది. నున్నగా ఆకుపచ్చగా ఉన్నవాటిని ఉంచండి.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, మన కంటికి నిండుగా కనిపించే తోట వాటికి ఖాళీగా ఉండొచ్చు. పిట్టకైనా తుమ్మెదకైనా సీతాకోకచిలుకకైనా కావలసింది తిండి, నీళ్ళు, దాక్కోవడానికి చోటు, పిల్లల్ని పెంచుకోవడానికి చోటు. మీ తోటలో రంగు చాలా ఉంది, తిండి తక్కువ ఉంది. ముద్దమందారాన్నీ రేక మందారాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రేక మందారంలో మధ్యలో పొడుగ్గా కాడ, దాని నిండా పుప్పొడి, అడుగున తేనె ఉంటాయి. ముద్దమందారంలో పుప్పొడి ఉండాల్సిన కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయాయి, లోపలికి దారి కూడా మూసుకుపోయింది. ముద్దబంతి, ముద్ద నందివర్ధనం, రేకుల మీద రేకులున్న అంటు గులాబీలదీ చాలావరకు ఇదే కథ. కాగితం పూలలో మనకు రంగుగా కనిపించేవి పూలే కావు, రంగు మారిన ఆకులు, అసలు పువ్వు మధ్యలో తెల్లగా సన్నగా ఉంటుంది. వీటన్నిటినీ పీకేయమని కాదు, మీకు ఇష్టమై పెట్టుకున్నారు, ఉంచుకోండి. కానీ ఒక్క ఎర్ర రేక మందారం తెచ్చి మీ వంటింటి కిటికీకి ఎదురుగా నాటండి. నర్సరీకి వెళ్ళినప్పుడు, కడియం వెళ్ళినా సరే, పువ్వు సైజు చూసి మురిసిపోకుండా ఒక్క క్షణం ఆగి ఏ మొక్క మీద తేనెటీగలు వాలుతున్నాయో చూడండి, ఆ మొక్క కొనండి. ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు కనపడలేదు.

రెండో సంగతి ఆకులు. తేనె తాగడానికి సీతాకోకచిలుక ఏ పువ్వు మీదైనా వాలుతుంది గానీ గుడ్లు మాత్రం తన పిల్లలు తినే ఆకు మీదే పెడుతుంది, ఆ ఆకు లేకపోతే దారిన పోతూ ఒక గుటక తాగి వెళ్ళిపోతుంది. సీతాఫలం చెట్టుంటే నలుపు మీద ఆకుపచ్చ చుక్కల టెయిల్డ్ జే వస్తుంది, అది తేనె తాగేటప్పుడు కూడా రెక్కలు ఆడిస్తూనే ఉంటుంది, ఫోటో తీయడం మహా కష్టం. ప్రహరీ పక్కన వరసగా నాటే నరమామిడి మీద కూడా ఇదే పెరుగుతుంది. తంగేడు, రేల ఉంటే లేత పసుపు, తెలుపు ఎమిగ్రెంట్లు వస్తాయి. జిల్లేడు మీద నారింజ రంగు ప్లెయిన్ టైగర్ పెరుగుతుంది, జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకోవడం వల్ల పిట్టలు దాన్ని ముట్టవు. గన్నేరు మీద కామన్ క్రో అనే గోధుమ రంగు సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది, దాని ప్యూపా గన్నేరు ఆకు కింద వెండి లోలకులా తళతళ మెరుస్తూ వేలాడుతుంది, పిల్లలకు చూపిస్తే వదలరు. నందివర్ధనం కింద నేల మీద నల్లటి ఉండలు రాలి ఉంటే పైకి చూడండి, వేలంత లావు ఆకుపచ్చ పురుగు, ముందు భాగాన రెండు నీలం కళ్ళ గుర్తులతో, కొమ్మకు అతుక్కుని ఉంటుంది. అది పెద్దయితే సీతాకోకచిలుకలా ఉండి రాత్రి తిరిగే ఒక పెద్ద మాత్ అవుతుంది, దాని రెక్కల మీద ఆకుపచ్చ, గులాబి రంగులు ఎంత అందంగా కలుస్తాయో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

మీ ముందున్న లాన్ మీద నాకు కాస్త కోపంగానే ఉంది. ఎండాకాలం బోరు ఎండిపోయే ఊళ్ళలో రోజూ అన్ని నీళ్ళు తాగి ఎవరికీ ముద్ద పెట్టని గడ్డి అది. మొత్తం తీయలేకపోతే ఒక మూల తీసేసి గంగపావిలి కూర చల్లండి, పప్పులోకి మీకూ పనికొస్తుంది, డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే సీతాకోకచిలుక దాని మీదే గుడ్లు పెడుతుంది. మగది నల్లటి రెక్కల మీద ఊదా అంచున్న గుండ్రటి తెల్ల మచ్చలతో ఉంటుంది. ఆడది అచ్చం పైన చెప్పిన ప్లెయిన్ టైగర్‌లా కనిపిస్తుంది, విషమున్న దాని వేషం వేసుకుంటే తననూ పిట్టలు వదిలేస్తాయి కాబట్టి. ఇంకోమాట, సీతాకోకచిలుకల కోసం లాంటానా నాటమని చాలామంది సలహా ఇస్తారు, వినకండి. పూల మీద వాలతాయి, నిజమే, కానీ దాని గింజలు పిట్టల ద్వారా చుట్టుపక్కలంతా పడి మన అడవుల్లో కింద వేరే మొక్క మొలవకుండా కమ్మేస్తున్నాయి.

మందుల గురించి. ఇమిడాక్లోప్రిడ్ ఆకు మీద కొట్టినా, పాదులో పోసినా మొక్క ఒంట్లోకి వెళ్ళిపోతుంది, అక్కడి నుంచి పుప్పొడిలోకి, తేనెలోకి కూడా వస్తుంది. పూత మీదున్న మొక్కకు అది పోస్తే వచ్చిన ప్రతి తేనెటీగకూ మనమే విషం పెట్టినట్టు. యూరోపియన్ యూనియన్ 2018లో దీన్నీ, దీని కుటుంబంలోని మరో రెండు మందుల్నీ ఆరుబయట పంటలకు వాడకుండా ఆపింది, కారణం తేనెటీగలే. మన ఇంటి తోటకు ఆ స్థాయి మందు అక్కర్లేదు. మందారానికి పిండినల్లి పట్టిందా, పైపు నీళ్ళు జోరుగా కొట్టి కడగండి, ఎక్కువ పట్టిన కొమ్మలు కత్తిరించి పారేయండి. చిక్కుడుకు పేనుబంక పట్టిందా, కొన్నాళ్ళు ఓపిక పట్టండి, అక్షింతల పురుగులు వాటంతటవే వచ్చి తింటాయి. వాటి పిల్లలు ఎర్రగా ఉండవు, నల్లగా ముళ్ళతో మొసలి ఆకారంలో ఉంటాయి, తెలియక వాటినే చంపేస్తుంటారు. ఇంకా తగ్గకపోతే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి, సాయంత్రం పొద్దుపోయాక, పట్టిన చోట మాత్రమే కొట్టండి. కరివేపాకు మీద, నిమ్మ మీద అదీ వద్దు, ఎందుకంటే వేపనూనె ఆ పిల్ల పురుగుల్ని కూడా చంపుతుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. మన దగ్గర వసంతం పంచాంగంలో చైత్రంతో మొదలైనా పెరట్లో సంక్రాంతి వెళ్ళగానే మొదలవుతుంది. ముందు మామిడి పూత. ఎండ కాస్త ఎక్కాక మామిడి కింద నిలబడి వినండి, చెట్టంతా జుమ్మని మోగుతుంది, తేనెటీగలనుకుంటాం గానీ దగ్గరికెళ్ళి చూస్తే ఎక్కువభాగం ఈగలు. మామిడికి పరాగం మోసేది ముఖ్యంగా ఈగలే. అందుకే తేనెమంచు పురుగు మందు కొట్టేవాళ్ళు పూత విచ్చుకోకముందో, పిందె పడ్డాకో కొట్టాలి గానీ నిండు పూత మీద కొడితే కాపు మోసే కూలీల్ని చంపుకున్నట్టే. ఆ తర్వాత ఊరి బయట మోదుగ, బూరుగ పూస్తాయి, వాటి దగ్గర కాకులు, గోరింకలు, పికిలిపిట్టలు, ఉడుతలు అన్నీ కలిసి తేనెకు ఎగబడతాయి, మన దేశానికి చలికాలం గడపడానికి వచ్చిన గులాబీ గోరింకలు గుంపులుగా కనిపించేది కూడా ఈ రోజుల్లోనే. ఏప్రిల్ దాటితే అవి ఉండవు, మధ్య ఆసియా వైపు వెళ్ళిపోతాయి, కాబట్టి కామునిపున్నమి రోజుల్లో ఒక పొద్దున పిల్లల్ని తీసుకుని బూరుగ చెట్టు దగ్గరికి వెళ్ళండి. మీ వైపు మోదుగలకు కొదవ లేదు.

ఉగాది దగ్గర పడేసరికి వేప, కానుగ. వేప పూత వాసన సాయంత్రం నుంచి ఎక్కువవుతుంది, పగలంతా చిన్న తేనెటీగలు ఆ పూత మీదే ఉంటాయి. పచ్చడికి కావాల్సినంత కోసుకుని మిగతాది చెట్టుకు ఉంచండి, ఆ పండ్లు జూన్ నాటికి పికిలిపిట్టలకు, కోయిలలకు తిండి అవుతాయి. అన్నట్టు మీరు తెల్లవారుజామున వినే కూత మగ కోయిలది, నల్లటి ఒళ్ళు, ఎర్రటి కళ్ళు. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, కిక్ కిక్ మని అరుస్తూ ఆకుల్లో దూరిపోతుంది, కాకి గూడు చూసి అందులో గుడ్డు పెట్టడానికి అది కాచుకుని ఉండే కాలం ఇదే. పక్కింటి చెట్టు మీద కాకి గూడుంటే దాన్ని దులిపించకండి, ఆ గూటిలో కోయిల పిల్ల కూడా ఉండొచ్చు. కరివేపాకు చెట్టును కత్తిరించకుండా ఒక కొమ్మ వదిలితే ఈ ఎండల్లోనే తెల్లగా గుత్తులు పూస్తుంది, ఆ పూల మీద ఎన్ని రకాల చిన్న సీతాకోకచిలుకలు వాలతాయో చెప్పలేను, తర్వాత నల్లటి పండ్ల కోసం కోయిల పెరట్లోకే వస్తుంది.

ఇక మల్లె. డిసెంబరులో నీళ్ళు తగ్గించి, జనవరిలో ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, ఎరువేసి నీళ్ళు పెట్టినవాళ్ళకు ఇప్పుడు మొగ్గలు వస్తుంటాయి, మీరు చేయకపోయినా ఈ ఏటికి పోషణ ఆపకండి. మల్లె, సన్నజాజి, రాధామనోహరం, ఇవన్నీ సాయంత్రం విచ్చుకునేవి, వాసన ఇచ్చేది రాత్రి తిరిగే మాత్‌ల కోసం. రాధామనోహరం సాయంత్రం తెల్లగా విచ్చుకుని మర్నాడు గులాబి, తర్వాత ఎరుపు రంగుకు తిరుగుతుంది, తెల్లగా ఉన్నప్పుడు రాత్రి మాత్‌లు, రంగు వచ్చాక పగటిపూట తేనెపిట్టలు వస్తాయి. వీధిలైటు వెలుగు నేరుగా పడని చోట నాటుకుంటే మీరు కూడా పొద్దుపోయాక కుర్చీ వేసుకుని చూడొచ్చు.

తేనెపిట్టల గురించి వేరేగా చెప్పాలి. చాలామంది వీటిని హమ్మింగ్ బర్డ్స్ అంటున్నారు, హమ్మింగ్ బర్డ్స్ అమెరికా ఖండాల్లో తప్ప లేవు. పంచదార నీళ్ళ సీసాల అలవాటు కూడా అక్కడి నుంచి వచ్చిందే, అక్కడ మనవాళ్ళ ఇళ్ళల్లో కూడా పెరటి కిటికీకి ఎర్ర మూతల సీసాలు వేలాడుతుంటాయి. మన ఎండల్లో ఆ నీళ్ళు పూటకే పులిసిపోతాయి, బూజు పడుతుంది, చీమలు పడతాయి, అన్నిటికన్నా ముఖ్యంగా అవసరమే లేదు. మందారం, రాధామనోహరం, పచ్చగోట్ల (టెకోమా), హమీలియా, అరటి పువ్వు ఉంటే చాలు. మన ఇళ్ళ దగ్గర కనిపించేవి ఎక్కువగా రెండు రకాలు. ఒకదాంట్లో మగపిట్ట వసంతంలో మొత్తం నల్లగా ఉండి ఎండ పడితే నీలం, ఊదా మెరుస్తుంది, పిల్లలు పెట్టే కాలం అయిపోయాక ఆ రంగు వదిలేసి పసుపు పొట్టతో, గొంతు మీద ఒక్క నల్ల చారతో తిరుగుతుంది, అప్పుడు చూసి ఇదేదో కొత్త పిట్ట అనుకుంటారు. రెండోదానికి గొంతు ఊదా, పొట్ట పసుపు, నెత్తి మీద ఆకుపచ్చ మెరుపు, ఏడాదంతా అదే రంగు.

గూడు కట్టేది ఎక్కువగా ఆడపిట్టే. సాలెగూడు దారాలు, ఎండు ఆకు ముక్కలు, బెరడు పొట్టు, గొంగళి పురుగు రెట్టలు కూడా అతికించి ఏదో చెత్త వేలాడుతున్నట్టు కడుతుంది, పక్క నుంచి చిన్న ద్వారం, పైన చిన్న చూరు. మనిషి తిరిగే చోటుకు అది భయపడదు, వరండాలో కేబుల్ వైరుకో, తులసి కోట పక్కన వేలాడే తీగకో కట్టేస్తుంది. అందుకే పండగ శుభ్రం పేరుతో వరండా మూలల్లో సాలెగూళ్ళన్నీ దులిపేయకండి, బయటివి కొన్ని ఉంచండి, దానికి గూడు దారం అక్కడిదే. కట్టడం మొదలైన దగ్గర్నుంచి పిల్లలు ఎగిరేదాకా సుమారు నెలన్నర పడుతుంది, ఆ రోజుల్లో ఆ తలుపు దగ్గర ఫ్లాష్ కొట్టి ఫోటోలు తీయకండి, గూట్లోకి తొంగి చూడకండి. ఒక ముఖ్యమైన సంగతి, తేనెపిట్ట పెద్దదయ్యాక తేనె తాగుతుంది గానీ పిల్లలకు పెట్టేది సాలీళ్ళు, చిన్న చిన్న పురుగులు. పురుగులన్నీ చంపేసిన తోటలో పూలెన్ని ఉన్నా అది గూడు కట్టదు. మీ పెరటికీ నా పెరటికీ ఉన్న తేడాలో సగం ఇదేనని నా నమ్మకం. కుట్టుపిట్టకు కూడా అంతే, అది మందార ఆకులో, వంగ ఆకులో రెండు అంచులు దగ్గరకు లాగి దూది, సాలెదారంతో కుట్టి లోపల గూడు పెట్టుకుంటుంది, రోజంతా ఏరేది పురుగులే.

నల్లగా బొద్దుగా ఉండి గుయ్ మంటూ తిరిగే తుమ్మెదల్ని చూసి భయపడుతున్నారని రాశారు. అవి మీ జోలికి రావు. మీ ముఖం ముందు గాల్లో నిలబడి బెదిరించేది మగది, దానికి కొండే ఉండదు. ఆడదానికి ఉంటుంది గానీ చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు. ఎండు వెదురు బొంగులో, పుచ్చిన దూలంలో గుండ్రంగా తొలిచి గూడు పెట్టుకుంటుంది, పందిరికి వాడిన పాత వెదురు ఒకటి రెండు పారేయకుండా గోడకు ఆనించి పెట్టండి. మునగకు కాయ పడాలన్నా, పందిరి మీద ప్యాషన్ ఫ్రూట్ కాయాలన్నా ఇవే రావాలి. వంగ, టమాటా పూలలో పుప్పొడి చిన్న గొట్టాల్లో ఉంటుంది, పువ్వును పట్టుకుని ఒళ్ళు అదిరించి రాల్చాలి. ఈ తుమ్మెదలకూ, నడుము మీద నీలం చారలుండే చిన్న తేనెటీగకూ ఆ విద్య తెలుసు, మామూలు తేనెటీగకు తెలియదు. పొద్దున ఎనిమిది లోపు వంగ పువ్వు దగ్గర చెవి పెడితే ఆ అదిరే శబ్దం సన్నగా వినిపిస్తుంది.

నీళ్ళు పెట్టడం మీరు ఈ రోజే మొదలుపెట్టొచ్చు. లోతు లేని మట్టి మూకుడు, రెండు మూడు సెంటీమీటర్ల నీళ్ళు, మధ్యలో ఒక రాయి, ఆ రాయి మీద తేనెటీగలు వాలి మునగకుండా తాగుతాయి. నీడలో, పిల్లి దాక్కునే పొద ఆనుకుని లేని చోట పెట్టండి. రోజూ కడిగి మార్చండి, దోమ గుడ్డు పెట్టి ఎగరడానికి వారం పైన పడుతుంది కాబట్టి రోజూ మార్చే నీళ్ళలో దోమల బాధ ఉండదు. పక్కనే తడి ఇసుక, మట్టి కలిపిన పళ్ళెం ఒకటి పెడితే మగ సీతాకోకచిలుకలు ఉప్పుల కోసం వచ్చి గుంపుగా కూర్చుంటాయి.

పావురాలు వస్తున్నాయంటే ఎక్కడో గింజలు చల్లుతున్నారని అర్థం, మీ ఇంట్లోనో పక్కింట్లోనో. అది ఆపండి, పావురాలు గుంపు కడితే చిన్న పిట్టలు దగ్గరకు రావు. పిచ్చుకలకు పెట్టాలనుకుంటే గోదావరి జిల్లాల్లో కట్టినట్టు వరి కంకుల కుచ్చు చూరుకు వేలాడదీయండి, ఊగే కంకి మీద పిచ్చుక వాలుతుంది గానీ పావురం నిలబడలేదు. ఉడుతలు జామ కాయలు కొరుకుతాయి, కొరకనివ్వండి, మీకు కావాల్సిన నాలుగు కాయలకు గుడ్డ సంచి కట్టుకోండి. చెట్టంతా నైలాన్ వల మాత్రం కప్పకండి, దాంట్లో చిక్కుకుని పిట్టలు, గబ్బిలాలు, జెర్రిపోతులు గంటల తరబడి కొట్టుకుని చచ్చిపోతాయి.

పాముల సంగతి దాచకుండా చెప్తాను. తేనెపిట్టల కోసం పాము రాదు. ఎలుకలు, కప్పలు ఉంటే, దూరడానికి రాళ్ళ గుట్టలు, ఇటుకల కుప్పలు ఉంటే వస్తుంది. కొత్త ఇల్లు కాబట్టి కట్టుబడి మిగులు ఇంకా పెరట్లోనే ఉండి ఉంటుంది, ముందు అది తీయించండి. మొక్కల కింద ఆకు చెత్త ఇంటికి దూరంగా ఉన్న ఒక్క మూలే ఉంచండి, గోడ చుట్టూ అడుగున్నర మేర నేల శుభ్రంగా కనపడాలి, రాత్రి టార్చి, చెప్పులు లేకుండా పెరట్లోకి పోవద్దు. ఎక్కువమంది చూసి కేకలు పెట్టేది జెర్రిపోతును, దానికి విషం లేదు, ఎలుకల్ని తింటుంది. అయినా పోల్చుకోవడం రాకపోతే దగ్గరకు వెళ్ళకండి, చంపకండి, అటవీ శాఖకో పాముల్ని పట్టి దూరంగా వదిలే వాళ్ళకో ఫోన్ చేయండి. ఎవరినైనా కరిస్తే కట్లు, కోతలు, మంత్రాలు ఏవీ వద్దు, నేరుగా విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇంకో మాట, రాగి రంగు రెక్కలతో కాకి అంత పెద్దగా నేల మీద నడిచే పిట్ట కనిపిస్తే అది జెముడు కాకి, దాన్ని తరమకండి, నత్తల్ని, చిన్న పాముల్ని కూడా అది తినేస్తుంది.

చూడటానికి మంచి సమయం ఎండ ముదరకముందు, ఏడు నుంచి తొమ్మిది దాకా. కాఫీ గ్లాసుతో ఒకే చోట కదలకుండా కూర్చోండి, తోటంతా తిరగకండి, తిరిగేవాడికి ఏదీ కనిపించదు. పిల్లలకు ఒక నోట్‌బుక్ ఇచ్చి ఏ పువ్వు మీద ఏది వాలిందో రాయమనండి. వచ్చే ఏడు ఫిబ్రవరి మధ్యలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పిట్టల్ని లెక్కపెడతారు, కనీసం 15 నిమిషాలు చూసి, పిట్టల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే చాలు, ఇంటిల్లిపాదీ చేయొచ్చు.

నాటడం గురించి ఆఖరుగా. ఇప్పుడు ఎండలు ముదురుతున్నాయి కాబట్టి నేలలో చెట్లు పెట్టకండి, బతికించడానికి నీళ్ళు మోయలేరు. ఈ వారం రేక మందారం ఒకటి పెద్ద కుండీలో, గంగపావిలి ఒక మూల, నీళ్ళ మూకుడు, ఈ మూడూ చాలు. సీతాఫలం, రేల, తంగేడు, రాధామనోహరం మృగశిర కార్తెలో వానలు పడ్డాక నేలలో పెట్టండి, గోతులు మాత్రం మే నెలలోనే తీసి ఎండనివ్వండి. తంగేడు విత్తనమే వేసుకోండి, పీకి నాటిన మొక్క సరిగా పట్టదు. ఆ ఆకుపచ్చ పురుగు ఈ నాలుగు రోజుల్లో కనిపించకుండా పోతే ఎవరో తినేశారని కంగారు పడకండి, నిమ్మ కొమ్మల కింద వైపు, పక్క గోడ మీద, కుండీల అంచులకు వెతకండి. ప్యూపా దొరికితే ఫోటో పెట్టండి, లైమ్ బటర్‌ఫ్లైయో మార్మనో చెప్తాను.